సొంత కారులో హైదరాబాద్ నుంచి నేపాల్: బోర్డర్ దాటడం తేలిక, రోజుల లెక్కే కష్టం

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. దసరా సెలవుల్లో పన్నెండు రోజులు, హైదరాబాద్ నుంచి సొంత క్రెటాలో నేపాల్. మీరు, మీ ఆవిడ, తొమ్మిదేళ్ళ పాప, పదహారేళ్ళ బాబు, 68 ఏళ్ళ అమ్మగారు. ఎవరికీ పాస్‌పోర్ట్ లేదు. కారు మీ బావగారి పేరు మీద ఉంది. బోర్డర్‌లో ఆపేస్తారా, కొండల్లోని ముక్తినాథ్ గుడి దాకా కారు వెళ్తుందా, పన్నెండు రోజులు సరిపోతాయా అని మీ సందేహాలు.

మాది నిజామాబాద్. 2016లో, 2019లో, 2023లో మూడుసార్లు ఇదే దారిన వెళ్ళొచ్చాను. మొదటిసారి పాత స్విఫ్ట్‌లో, తరవాత రెండుసార్లూ ఇన్నోవాలో. ముందుగా చెప్పాల్సిన మాట ఒకటుంది. అందరూ బోర్డర్ గురించే టెన్షన్ పడతారు. నిజానికి అది గంటో గంటన్నరో పట్టే పని. చాలామంది దెబ్బతినేది ఆ తరవాత, కారుకు ఎన్ని రోజుల అనుమతి తీసుకోవాలన్న దగ్గర. నేనూ అక్కడే దెబ్బతిన్నాను.

ముందు మనుషుల కాగితాలు. మనకు నేపాల్ వెళ్ళడానికి వీసా అక్కర్లేదు. 1950 నాటి ఒప్పందం నుంచి రెండు దేశాల మధ్య రాకపోకలు అలాగే సాగుతున్నాయి. పాస్‌పోర్ట్ లేకపోయినా వోటర్ కార్డు చాలు, కానీ ఒరిజినల్ ఉండాలి. ఆధార్ ఉందిగా అని ఊరుకోకండి. పదిహేనేళ్ళ లోపు పిల్లలకూ, అరవై అయిదు దాటిన పెద్దలకూ ఆధార్ పనికొస్తుంది కాబట్టి మీ పాపకూ అమ్మగారికీ ఇబ్బంది లేదు. మీకూ మీ ఆవిడకూ మాత్రం వోటర్ కార్డులు తప్పనిసరి. చిక్కు మీ అబ్బాయి దగ్గరే వస్తుంది. పదిహేను నుంచి పద్ధెనిమిదేళ్ళ మధ్య పిల్లలకు స్కూలు లేదా కాలేజీ ప్రిన్సిపాల్ ఇచ్చే గుర్తింపు పత్రం అడుగుతారు. సెలవులు ఇచ్చేశాక ప్రిన్సిపాల్ దొరకరు, ముందే రాయించి పెట్టుకోండి.

రోడ్డు మీద అయితే ఇవేవీ అంత గట్టిగా చూడరని మీకు ఎవరో ఒకరు చెప్తారు. నిజమే, సోనౌలీ బోర్డర్‌లో మా కారులోకి తొంగి చూసి పొమ్మన్న రోజులున్నాయి. కానీ వెళ్ళేది కారులో అయినా వచ్చేది కూడా కారులోనే అని గ్యారంటీ ఏముంది? 2025 సెప్టెంబరులో ఖాట్మండులో గొడవలు జరిగి విమానాశ్రయం కూడా మూసేసినప్పుడు మన తెలుగు యాత్రికులు ఎంతోమంది చిక్కుకుపోయారు, చివరికి ప్రత్యేక విమానంలో తీసుకురావాల్సి వచ్చింది. ఎవరికైనా ఒంట్లో బాగోక అర్జెంటుగా విమానం ఎక్కాల్సి వచ్చినా అంతే. కౌంటర్ దగ్గర సరైన కార్డు లేకపోతే టికెట్ ఉన్నా లాభం లేదు.

ఇక కారు కాగితాలు. ఆర్సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ అన్నీ చేతిలో ఉండాలి, ఒక్కోదానికి నాలుగైదు జిరాక్సులు కూడా. డిజిలాకర్ మన ట్రాఫిక్ పోలీసుకు చూపించడానికి బాగుంటుంది కానీ అవతల దేశంలో దాన్ని నమ్ముకోవద్దు, ఆర్సీ కార్డే పట్టుకెళ్ళండి. మన లైసెన్సు అక్కడ చెల్లుతుంది, బండ్లు నడిచేది కూడా ఎడమవైపే. కారు మీ పేరు మీద లేదు కాబట్టి, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా నేపాల్‌లో నడపడానికి నా బండి ఇచ్చానని మీ బావగారు సంతకం చేసిన ఉత్తరం కావాలి. స్టాంపు కాగితం మీద ఇంగ్లీషులో టైపు చేయించి నోటరీ చేయించండి, ఆయన గుర్తింపు కార్డు జిరాక్సు జత చేయండి. బండి ఫైనాన్సులో ఉంటే బ్యాంకు నుంచి అభ్యంతరం లేదని ఒక లెటర్ తీసుకుంటే ఇంకా నిశ్చింత.

ఇన్సూరెన్సు సంగతి వెళ్ళేవాళ్ళలో సగం మంది పట్టించుకోరు. మన కారు పాలసీ మామూలుగా ఇండియా ఎల్లలు దాటితే పనిచేయదు. నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్ లాంటి పొరుగు దేశాలకు పాలసీని పొడిగించే సదుపాయం మోటార్ పాలసీల్లో ఎప్పటినుంచో ఉంది. దానికి అదనపు ప్రీమియం కొద్దిగానే ఉంటుంది. మా ఏజెంటును అడిగితే 'అట్లాంటిది ఏదీ లేద్సార్' అన్నాడు. నేరుగా కంపెనీ బ్రాంచికి వెళ్ళి 'జియోగ్రాఫికల్ ఎక్స్‌టెన్షన్, నేపాల్' అని రాసిస్తే నాలుగు రోజుల్లో ఎండార్స్‌మెంట్ కాగితం చేతికొచ్చింది. మీ పాలసీ కూడా బావగారి పేరు మీదే ఉంటుంది కాబట్టి ఆయనే దరఖాస్తు చేయాలి. బయల్దేరడానికి నెల ముందు మొదలుపెట్టండి.

ఇప్పుడు దారి. నాగ్‌పూర్ దాకా 44వ నంబరు హైవే, సుమారు 500 కిలోమీటర్లు. అక్కడి నుంచి సివనీ, జబల్‌పూర్, రీవా మీదుగా ప్రయాగ్‌రాజ్ గానీ కాశీ గానీ చేరి, గోరఖ్‌పూర్, అక్కడి నుంచి సుమారు వంద కిలోమీటర్లు వెళ్తే సోనౌలీ. మొత్తం దాదాపు 1,500 కిలోమీటర్లు. కుర్రాళ్ళు రెండు రోజుల్లో లాగించేస్తారు. మీరు మాత్రం మూడు రోజులు పెట్టుకోండి. నాగ్‌పూర్ దాటాక పెంచ్ అడవిలో జంతువులు కిందినుంచి పోయేలా హైవేనే వంతెనలుగా పైకెత్తి కట్టారు, చీకటి పడకముందే అది దాటేలా చూసుకుంటే పిల్లలకు చూపించవచ్చు. మూడో రాత్రి గోరఖ్‌పూర్‌లో పడుకోండి. సోనౌలీలోనే రూము తీసుకుందామని సాయంత్రం పూట అటు పోతే లారీల వరుసలో ఇరుక్కుంటారు. ఆ వరుస ఒక్కోసారి కిలోమీటర్ల కొద్దీ ఉంటుంది. పొద్దున్నే అయిదున్నరకు గోరఖ్‌పూర్ వదిలితే గేటు దగ్గర హాయిగా ఉంటుంది.

మన వైపు సశస్త్ర సీమా బల్ జవాన్లు కార్డులు చూసి, డిక్కీ తెరిపించి పంపిస్తారు. గేటు దాటితే బేలహియా, అంటే నేపాల్. అక్కడ చేయాల్సిన పనికి వాళ్ళ మాట భన్సార్. కస్టమ్స్ అన్నమాట. బయటి దేశపు బండి మా దేశంలో ఇన్ని రోజులు ఉండి తిరిగి వెళ్తుందని ఇచ్చే కాగితం అది. రోజుకింతని రుసుము, కారుకు కొన్ని వందల నేపాలీ రూపాయలు. రేటు వాళ్ళ బడ్జెట్లలో మారుతుంటుంది కాబట్టి అంకె చెప్పను, కిటికీ దగ్గర బోర్డు ఉంటుంది. దాంతోపాటు ట్రాఫిక్ ఆఫీసులో రూట్ పర్మిట్ తీసుకోవాలి. వెళ్ళే ఊళ్ళన్నీ అందులో రాయించుకోండి. లుంబిని, పోఖరా, జోమ్‌సోమ్, చిత్వన్, ఖాట్మండు, వెళ్ళినా వెళ్ళకపోయినా సరే. బయట ఫారాలు నింపిపెట్టే ఏజెంట్లు మూగుతారు. వాళ్ళకు కొంత ఇచ్చినా తప్పులేదు, టైము కలిసొస్తుంది. కానీ ఎంతో ముందే మాట్లాడుకోండి, ప్రభుత్వ రసీదు వేరుగా అడిగి తీసుకోండి.

ఎన్ని రోజులకు తీసుకోవాలి? నా తప్పు చెప్తాను వినండి. 2019లో నేను రాత్రుళ్ళు లెక్కపెట్టాను. నాలుగు రాత్రులు, అయిదో రోజు పొద్దున బయటపడతాం కదా అని నాలుగు రోజులకే కట్టాను. భన్సార్ లెక్కలో వెళ్ళిన రోజూ ఒక రోజే, వచ్చిన రోజూ ఒక రోజే. అది చాలదన్నట్టు పోఖరా నుంచి దిగుతుంటే బుట్వల్‌కు ముందు సిద్ధబాబా దగ్గర కొండ మీది నుంచి రాళ్ళు పడి 'బాటో బంద్' అన్నారు. ఎనిమిది గంటలు కారులోనే. పిల్లలకు బిస్కెట్లు, మా నాన్నకు పులిహోర. బోర్డర్ చేరేసరికి అర్ధరాత్రి, ఆఫీసు మూసేశారు. మర్నాడు జరిమానా కట్టి, అంతసేపు నిలబడి సంజాయిషీ చెప్పుకుని వచ్చాం. వాళ్ళను అనడానికేం లేదు, తప్పు నాదే.

అంత కచ్చితంగా ఎందుకుంటారో తరవాత అర్థమైంది. నేపాల్‌లో కారు మీద పన్నులు విపరీతం. మన దగ్గర పది లక్షలకు వచ్చే కారు అక్కడ రెండింతలకు పైనే పలుకుతుంది. పోఖరాలో మా హోటలాయన ఇన్నోవా చుట్టూ తిరిగి ధర అడిగి, నిట్టూర్చి వెళ్ళాడు. అంత తేడా ఉన్నచోట ఇక్కడి బండిని అక్కడ అమ్మేసే బేరాలు పుడతాయి కదా. అందుకే గడువు దాటిన బండి వాళ్ళకు ఆలస్యమైన టూరిస్టులా కాదు, పన్ను ఎగ్గొట్టిన సరుకులా కనిపిస్తుంది. ఏడాది మొత్తంలో మన బండికి 30 రోజులకు మించి ఇవ్వకపోవడం కూడా ఇందుకే. అందుకని మీకు ఆరు రోజులు అవసరమైతే తొమ్మిది రోజులకు కట్టండి. వాడుకోని మూడు రోజుల డబ్బు పోతే పోనీండి.

ఇంకో మెలిక, ఆ కాగితం మీద తేదీ మన క్యాలెండర్‌లో ఉండదు. వాళ్ళది విక్రమ సంవత్సరం, మనకంటే దాదాపు 57 ఏళ్ళు ముందు. మనకు 2025 దసరా అంటే వాళ్ళకు 2082, అసోజ్ నెల. ఆ అంకెలు చూసి గడువు ఎప్పుడో మనకు చస్తే తెలియదు. ఏజెంటు చేతే వెనకవైపు మన తేదీ రాయించుకుని ఫోటో తీసి పెట్టుకోండి. గడియారం కూడా పదిహేను నిమిషాలు ముందుకు జరపాలి. వారపు సెలవు శనివారం.

దసరా విషయంలో కొంచెం ఆలోచించండి. అక్కడ దాన్ని దశైఁ అంటారు, వాళ్ళకు అన్నిటికంటే పెద్ద పండగ. మన సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టు ఖాట్మండు ఖాళీ అవుతుంది, రోడ్లు మాత్రం నిండిపోతాయి. పైగా వానలు అప్పటికి పూర్తిగా పోవు. 2024లో సెప్టెంబరు ఆఖరున, సరిగ్గా దశైఁ ముందు, వరదలు వచ్చి 200 మందికి పైగా చనిపోయారు. అదే ఏడాది జులైలో నారాయణ్‌ఘాట్–ముగ్లిన్ రోడ్డు మీద కొండచరియ విరిగిపడి రెండు బస్సులను త్రిశూలి నదిలోకి తోసేసింది. భయపెట్టడానికి కాదు, ఆ రోడ్లు ఎలా ఉంటాయో తెలియాలని చెప్తున్నాను. అలాగని సంక్రాంతికి వెళ్తే ఉత్తరప్రదేశ్‌లో పొగమంచు, బానెట్ ముందేముందో కనిపించదు. వేసవిలో నాగ్‌పూర్, జబల్‌పూర్ కాలిపోతుంటాయి, పోఖరాలో మబ్బూ పొగా పట్టి హిమాలయాలే కనిపించవు. ఉన్నవాటిలో దసరాయే నయం, కానీ సెలవులు మొదలైన రోజే పరుగెత్తకండి. వీలైతే అక్టోబరు రెండో వారం దాటాక నేపాల్‌లో అడుగుపెట్టేలా చూడండి. పిల్లలకు రెండు రోజులు బడి పోయినా నష్టం లేదని నా అభిప్రాయం, మా ఆవిడ టీచర్ కాబట్టి ఆమె ఒప్పుకోదు.

పన్నెండు రోజుల్లో రానూపోనూ ఆరు రోజులు మన దేశంలోనే పోతాయి. మిగిలిన ఆరు రోజుల్లో పోఖరా, ముక్తినాథ్ చూడవచ్చు. లేదంటే పోఖరా, ఖాట్మండు చూడవచ్చు. మూడూ పెట్టుకుంటే మీరు చూసేది రోడ్డే. అమ్మగారికి ముక్తినాథ్ మీద మనసుందని రాశారు కాబట్టి ఖాట్మండును ఇంకోసారికి వదిలేయండి.

సోనౌలీ నుంచి పోఖరాకు పాల్పా మీదుగా సిద్ధార్థ హైవేలో 180 కిలోమీటర్లే. మన హైవే లెక్కలో మూడు గంటలనుకుంటారు, ఏడెనిమిది గంటలు పడుతుంది. అన్నీ మెలికలే. వాంతుల మాత్రలు దగ్గర పెట్టుకోండి. మొదటి రోజు బోర్డర్ పని తొందరగా అయిపోతే దగ్గర్లోనే ఉన్న లుంబిని చూసుకుని పాల్పాలోని తాన్‌సేన్‌లో ఆగడం మంచిది. లుంబినిలో అశోకుడి స్తంభం ముందు నిలబడితే మన అమరావతి, నాగార్జునకొండ గుర్తుకు రాకుండా ఉండవు.

చీకటి పడ్డాక కొండల్లో నడపొద్దు, ఇందులో మొహమాటం వద్దు. ఎక్కే బండికి దారివ్వండి. ముందున్న లారీ కుడి ఇండికేటర్ వేస్తే చాలాసార్లు 'ముందుకు పో' అని అర్థం. కానీ నిజంగానే కుడికి తిరుగుతున్నాడేమో అని ఒక క్షణం ఆగి చూసుకోండి. మందు తాగి నడపడం విషయంలో అక్కడ అసలు దయ లేదు, ఒక్క బీరుకు కూడా పట్టుకుంటారు. ఎప్పుడైనా ఖాట్మండు వెళ్తే హారన్ మీద చెయ్యి వేయకండి, 2017 నుంచి ఆ లోయలో ఊరికే హారన్ కొట్టడం నిషేధం. మొదటి రోజు నా చెయ్యి దానంతటదే హారన్ మీదికి పోయేది, మా అబ్బాయి పట్టుకుని లాగేవాడు.

ఇక ముక్తినాథ్. క్రెటా వెళ్తుందా అంటే వెళ్ళినవాళ్ళున్నారు. మీరు వెళ్ళాలా అంటే వద్దంటాను. పోఖరా నుంచి బేనీ దాకా పర్వాలేదు, ఆ తరవాత తాతోపానీ, ఘాసా మీదుగా పోయే దారిలో ఒకవైపు కొండ, ఇంకోవైపు కాళీగండకి లోయ. వాన పడితే బురద, పైనుంచి వాగులు రోడ్డు మీదికే వస్తాయి. కారు పోఖరా హోటల్లో పెట్టేసి డ్రైవరుతో సహా స్థానిక జీపు మాట్లాడుకోండి. రోజూ ఆ దారిన తిరిగేవాడికి ఏ మలుపులో రాయి ఉంటుందో తెలుసు. పైగా మీరూ చుట్టూ చూడగలుగుతారు. అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతం పర్మిట్ కూడా పోఖరాలో తీసుకోవచ్చు, మనకు సార్క్ దేశాల రేటు కాబట్టి మిగతా విదేశీయులకంటే తక్కువ.

అమ్మగారి విషయంలో జాగ్రత్త ఒకటి. పోఖరా ఎత్తు 800 మీటర్ల చిల్లర, ముక్తినాథ్ దాదాపు 3,700 మీటర్లు. ఒక్కరోజులో అంత ఎత్తుకు తీసుకెళ్తే తలనొప్పి, ఆయాసం ఖాయం. వెళ్ళేటప్పుడు మార్ఫాలోనో జోమ్‌సోమ్‌లోనో ఒక రాత్రి ఆగండి. మార్ఫా ఆపిల్ తోటల ఊరు, పిల్లలకు నచ్చుతుంది. జోమ్‌సోమ్‌లో మధ్యాహ్నమయ్యేసరికి గాలి మొదలవుతుంది, అది మామూలు గాలి కాదు, ఇసుక మొహాన కొడుతుంది. అందుకే పొద్దున్నే బయల్దేరి గుడికి వెళ్ళి రావాలి. జీపు దిగాక రాణీపౌవా నుంచి అరగంట మెట్ల దారి ఉంటుంది, గుర్రాలు దొరుకుతాయి. 108 దివ్యదేశాల్లో ఒకటి కాబట్టి మన వైష్ణవులు అక్కడ ఎప్పుడూ కనిపిస్తారు. 108 ధారల కింద తడవాలని అమ్మగారు పట్టుబడతారు. ఆ నీళ్ళు మంచు కరిగిన నీళ్ళు. నెత్తిన చల్లుకుంటే చాలని మీరే నచ్చజెప్పాలి. బీపీ మందులు వాడుతుంటే బయల్దేరే ముందు డాక్టరును ఒకసారి అడగండి.

తిండికి ఇబ్బంది లేదు. దారి పొడుగునా దాల్ భాత్, అంటే అన్నం, పప్పు, కూర, ఊరగాయ, అడిగితే మళ్ళీ వడ్డిస్తారు. దారిలో మూడు రోజులు రొట్టెలు తిన్నాక ఆ అన్నం పళ్ళెం చూస్తే ప్రాణం లేచొస్తుంది. గోంగూర సీసా ఒకటి పడేసుకోండి.

డబ్బుల విషయానికొస్తే మన వంద రూపాయలు వాళ్ళ నూట అరవై, 1993 నుంచి అదే రేటు. 2018 డిసెంబరులో వందకు మించిన మన నోట్లను నేపాల్ ఆపేసింది. ఈమధ్య సడలింపులు వస్తున్నా కొండల్లో ఉన్న కొట్టువాడికి అవన్నీ చెప్పి ఒప్పించలేం, వంద నోట్ల కట్టలే నయం. 2024 నుంచి మన యూపీఐతో అక్కడి ఫోన్‌పే క్యూఆర్ కోడ్‌లకు కట్టవచ్చు. అది మన ఫోన్‌పే కాదు, పేరు కలిసిన వేరే నేపాలీ సంస్థ. పనిచేయాలంటే నెట్ ఉండాలి కాబట్టి బోర్డర్‌లోనే గుర్తింపు కార్డు, ఫోటో ఇచ్చి ఎన్‌సెల్ గానీ నేపాల్ టెలికామ్ గానీ సిమ్ తీసుకోండి. ఓటీపీ కోసం మన సిమ్ తీసేయకండి. టూరిస్ట్ పోలీసు నంబరు 1144 అందరి ఫోన్లలో వేసిపెట్టండి.

తిరిగి వచ్చేటప్పుడు బేలహియాలో మళ్ళీ భన్సార్ ఆఫీసు దగ్గర ఆగి, కాగితం అప్పగించి, బండి బయటికి వెళ్ళినట్టు నమోదు చేయించుకోండి. మన గేటు ఎదురుగా కనిపించేసరికి ఇంటికొచ్చేశామన్న సంబరంలో చాలామంది ఆగకుండా వచ్చేస్తారు. అలా వస్తే వాళ్ళ లెక్కలో ఆ కారు ఇంకా నేపాల్‌లోనే తిరుగుతున్నట్టు. మీ విషయంలో ఆ లెక్క మీ బావగారి పేరు మీద ఉంటుంది, పండగలకు ఎదురుపడాల్సిన మనిషి మరి.